ఆముదం తాగిన గోడ

కెంచనగుడ్డలో గుడి ఊడ్చే హొన్నమ్మ, గోడమీది అమ్మవారి బొమ్మకు ప్రతి శుక్రవారం ఆముదం రాసేది. రాసినరోజు రంగులు మెరిసేవి. ఏళ్లు గడిచేకొద్దీ గోడంతా నల్లబడింది. అమ్మవారు అలిగిందనుకుని హొన్నమ్మ ఇంకాస్త రాసింది.

1959లో పురావస్తు శాఖ కెమిస్టు కేశవమూర్తి బొమ్మను శుభ్రం చేయడానికి వచ్చి మందులో దూది ముంచగానే ఆమె అడ్డుపడింది.

"అమ్మను ముట్టుకుంటే చేతులిరుస్తా!"

"బొట్టంత చోటు తుడిచి చూస్తానమ్మా. రంగు కదిలితే ఆపేస్తా."

రంగు కదల్లేదు. దూదికి మసి మాత్రమే వచ్చింది. గోడలోంచి ఒక కన్ను తెల్లగా చూసింది.

"దీపం మసిని పట్టి ఉంచింది నీ ఆముదమేనమ్మా."

హొన్నమ్మ చెంపలేసుకుంది. దీపాన్ని తనే వాకిట్లోకి మార్చింది. మరుసటి శుక్రవారం ఆముదం తెచ్చినామెను గడప దగ్గరే నిలేసింది.

"అమ్మ ఇప్పుడిప్పుడే కండ్లు తెరస్తాండాది. ఆ ఆముదం నీ తలకు పెట్టుకోపో!"