కూత తెగిందా, లేదా

మా నాయనకూ మా మామకూ మధ్య ఉన్నది ఒకే ఒక్క తగువు. మామ అంటే అమ్మకు అన్న. నేను పుట్టకముందు పాకాల దగ్గర మామ వాళ్ళ ఊళ్ళో చెడుగుడు పోటీ జరిగింది. కబడ్డీని మా వైపు అలాగే అంటారు. చివరి కూతకు వెళ్ళిన నాయన, మామ కాలు తాకి గీత దాటి వచ్చాడు. ఊపిరి బిగబట్టే వచ్చానని నాయన, గీతకు జానెడు దూరంలో కూత తెగిందని మామ. కప్పు మాత్రం నాయన వాళ్ళ ఊరికే వెళ్ళింది. గెలిచిన జట్టుకు ఊరిపెద్ద భోజనం పెట్టడం ఆనవాయితీ. ఆ ఊరిపెద్ద అమ్మ వాళ్ళ నాయన, అంటే మా తాతే. ఆరోజు వడ్డించిన పిల్లే మా అమ్మ.

తొంభైల్లో ఒక వేసవి సెలవుల్లో ఇద్దరూ కలిసి తిరుపతిలో జీపు మాట్లాడారు. పిల్లలకు చంద్రగిరి కోట చూపించాలి, దారిలో తాము ఆడిన మైదానం చూపించాలి, కాణిపాకంలో దండం పెట్టుకుని తిరిగి రావాలి. అమ్మ చిత్రాన్నం మూట కట్టుకుని జీపెక్కింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. కనపడినదాన్నల్లా ఇదేమిటి, అదెందుకు అని అడిగి అందరి ప్రాణం తీసేదాన్ని.

కోటలోని రాజమహలు పైకప్పుకు కలప వాడలేదని ఎవరో అంటే మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాను. తల దించాక ఇంకో అనుమానం వచ్చింది.

"రాజులు గూడా చెడుగుడు ఆడేవాళ్ళా మామా?"

"ఆడినా, రాజు కూత తెగిందని సెప్పే మొగోడు యాడుంటాడు పాపా? అంతా మీ నాయన మాదిరే."

నాయన నవ్వలేదు.

మైదానమంటే నేనేదో గ్యాలరీలు ఊహించుకున్నాను. చూస్తే వేరుశనగ చేని పక్కన ఇంత ఇసక నేల, మేస్తున్న మేకలు. అయినా వాళ్ళిద్దరూ చెప్పులు విడిచి దిగారు. నాయన మడమతో గీత గీశాడు. కాదని మామ రెండడుగులు వెనక ఇంకో గీత గీశాడు. గీత ఎక్కడుండేదన్న దగ్గరే తగువు మళ్ళీ అంటుకుంది. చివరికి మామ నోరు జారాడు.

"అంత నిజమైతే కాణిపాకంలో పెమానం సెయ్ బావా!"

మా వైపు ఆ మాట ఊరికే అనరు. దొంగతనమైనా, పొలంగట్టు తగాదా అయినా, నీళ్ళలో మునిగి తడిబట్టలతో అక్కడి వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే తీరిపోయినట్టే. అబద్ధమాడితే ఇంటిమీదికి వస్తుందని అందరికీ భయం. చెడుగుడు కోసం అంత దూరం వెళ్ళినవాళ్ళ గురించి మాత్రం నేను వినలేదు.

"సేస్తా, పద" అన్నాడు నాయన.

జీపులో ఎవరూ మూట విప్పలేదు. నాకు భయమూ వేసింది, ఆత్రమూ పట్టలేకపోయాను. నాయన అబద్ధమాడడు. మామా ఆడడు. మరి ఆ కూత ఏమైనట్టు?

కాణిపాకంలో నాయన మునిగి వచ్చాడు. పంచె నుంచి నీళ్ళు కారుతున్నాయి. మామ ముఖం పాలిపోయింది. పంతానికి అన్నాడే గానీ, చెల్లెలి సంసారానికి కీడు కోరుకుంటాడా?

"ఆటకు పెమానమేంది బావా, ఇడిసిపెట్టు."

నాయన వినలేదు. గడప దాటబోతుంటే అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"వద్దు. కూత తెగింది."

నాయన గిర్రున తిరిగాడు. "నీకెట్ట తెలుసు?"

"గీత పక్కనే బండి మీద కూసోనుంటిని. నాకినపడింది. రొప్పుకుంటా వచ్చినావు, నీకే తెలీలేదు."

ఇన్నేళ్ళకు గెలిచిన మామ ముఖంలో కళ లేదు.

"మరి ఇన్నేండ్లూ ఎందుకు సెప్పలేదు మే?" అన్నాడు మామ.

అమ్మ తల వంచుకుంది. అమ్మ సిగ్గుపడడం నేను చూడడం అదే మొదలు.

"సెప్పుంటే ఈయన ఆ పొద్దు మనింటికి బువ్వకు వచ్చుండునా అన్నా?"

నాయన తడిపంచెతోనే పగలబడి నవ్వాడు. కాసేపటికి మామ కూడా కలిశాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్నిటికీ ప్రశ్నలు వేసే నాకు ఆ ఒక్కటీ అడగాల్సిన పని లేకుండానే తెలిసిపోయింది. అమ్మ ఆరోజు నిజం చెప్పి ఉంటే నేను లేను. ఆమె కొంగు గట్టిగా పట్టుకుని గుడిలోకి నడిచాను.