ఎర్రగుడ్డ మాన్పించిన బావ

నీళ్ల సరఫరా ఆఫీసులో మా బావదీ నాదీ పక్కపక్క బల్లలు. నా బల్ల నిండా జనం తిట్లు, అంటే ఫిర్యాదులు. ఆయన బల్ల మీద కంప్యూటరు. మా ఆఫీసు పనంతా వికీలో ఉంటుంది. అంటే ఏం లేదు, అందరూ చదవగలిగిన, ఎవరైనా దిద్దగలిగిన పేజీలు. ఏ వాల్వు ఎప్పుడు తిప్పాలో, ఏ వీధిలో పైపు పగిలిందో అన్నీ అందులోనే. వాటిని కంటికి రెప్పలా చూసుకునేది మా బావ.

మేమంతా వికీలో ఉన్న పెట్టెలోనే టైపు చేస్తాం. బావ చెయ్యడు. ఒకసారి నెట్టు పోయి ఆ పెట్టె ఆయన రాసిందంతా మింగేసింది. అప్పట్నుంచీ పేజీని తన కంప్యూటర్లోకి దింపుకుని, తనకిష్టమైన ఎడిటర్ ప్రోగ్రాంలో దిద్దుకుంటాడు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, మౌస్ ముట్టుకోడు. అయ్యాక ఒక్క మీట నొక్కితే పేజీ మళ్లీ పైకెళ్లిపోతుంది.

"ఆ పెట్టెలో రాయడమంటే అద్దెకొంపలో మేకు కొట్టడం రా. ఇది సొంతిల్లు" అనేవాడు. అక్కకి ఇంట్లో ఒక్క మేకు కొట్టిపెట్టిన పాపాన పోలేదు గానీ, మాటలకేం!

దింపుకున్నాక పైన వికీలో ఎవరైనా ఆ పేజీ మారిస్తే, పంపేటప్పుడు ప్రోగ్రాం ఆగి, 'మధ్యలో మారింది, చూసుకో' అని హెచ్చరించేది. ఎవరు కామా పెట్టినా అడుగుతోందని విసుగొచ్చి, బావ దాని నోరు కట్టేశాడు.

ఇంకో ఘనకార్యం కూడా ఆయనదే. పూర్వం పైపు గుంటలోకి మనుషులు దిగితే, పంపుహౌసులో ఆ పైపు వాల్వు చక్రానికి, తిప్పొద్దని గుర్తుగా ఎర్రగుడ్డ కట్టేవారు. బావ మాన్పించాడు. "గుడ్డ ఊడిపోతుంది, ఎవడో ముక్కు తుడుచుకుని జేబులో పెట్టుకుపోతాడు. పేజీలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు!" అని మీటింగులో బల్ల గుద్దాడు. అందరం తలలూపాం.

ఆ రోజు పొద్దున్నే వాల్వుల పేజీ దింపుకుని కూర్చున్నాడు. పెద్ద మార్పేం లేదు, వరసలు వంకరగా ఉన్నాయని సర్దుతున్నాడు. మధ్యాహ్నం నీళ్లు వదిలే వేళకి ముగించి, మీట నొక్కి, వేళ్లు విరుచుకున్నాడు. నేను టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను.

సూపర్‌వైజరమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"ఏవండీ, మార్కెట్టు వీధి వాల్వు తిప్పొద్దని పొద్దున రాశాను. ఇప్పుడు చూస్తే లేదేంటి?"

"ఎప్పుడు రాశారు?"

"ఆఫీసుకి రాగానే. గుంటలో ఫిట్టర్లున్నారు కదా. మీ అల్లుడు కూడా దిగాడు."

బావ గబుక్కున తెర వైపు తిరిగాడు. నాకు సంగతి అర్థం కావడానికి కాస్త పట్టింది. ఆవిడ రాయకముందు దింపుకున్న పేజీని, ఆవిడ రాసిన పేజీ మీద పరిచేశాడు. నోరు కట్టేసిన ప్రోగ్రాం కిక్కురుమనలేదు.

అల్లుడికి ఫోన్ చేశాడు. గుంటలోకి దిగేవాళ్లు ఫోన్లు బండిలో పెట్టి దిగుతారు, మోగి మోగి ఆగింది. పంపుహౌసుకి చేశాడు. మోటార్ల హోరులో అక్కడ ఫోన్ ఎవరికి వినపడుతుంది? సూపర్‌వైజరమ్మ పేజీ సరిచెయ్యడానికి పరిగెత్తింది. బావ పంపుహౌసు వైపు పరిగెత్తాడు. వెనక నేను, చేతిలో డబ్బాతో సహా. గేటు దగ్గర ఒక చెప్పు తెగింది, రెండోది తనే విసిరేశాడు. ఆయన పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. తన పెళ్లిలో కూడా బస్సు ఆయన కోసం ఆగాల్సొచ్చిన మనిషి.

మేం వెళ్లేసరికి పంపుహౌసు మోటారాయన చక్రం తిప్పేసి చేతులు తుడుచుకుంటున్నాడు.

"కట్టెయ్! కట్టెయ్!"

"ఏమైంది సారూ? పేజీ చూసే వదిలా. మీరేగా అన్నారు, లేకపోతే లేనట్టేనని!"

బావ చక్రం మీద పడ్డాడు. ఇద్దరూ కలిసి తిప్పారు. ఆ చక్రం వదిలేటప్పుడు తిరిగినంత తేలిగ్గా కట్టేటప్పుడు తిరగదు. బిగిసీ బిగియకముందే బావ మార్కెట్టు వీధికి పరిగెత్తాడు. దారంతా ఒకటే మాట, "అమ్మాయికేం చెప్పను రా, అమ్మాయికేం చెప్పను."

వీధిలో జనం. గుంట నిండి బురదనీళ్లు రోడ్డు మీదికి పొర్లుతున్నాయి. నిచ్చెన తేలుతోంది. బావ జనాన్ని తోసుకుని గుంట అంచున మోకాళ్ల మీద పడ్డాడు. చెయ్యి నీళ్లలో పెట్టి దేవులాడుతున్నాడు. "అల్లుడూ! ఒరేయ్! అల్లుడూ!"

"మామయ్యా, ఇటు."

కొట్టు అరుగు మీద కూర్చున్నాడు అల్లుడు. నిలువెల్లా బురద. తోటి ఫిట్టర్‌ని పైకి తోసి, తను ఎక్కుతుంటే నిచ్చెన జారిందట. ఎడమచెయ్యి వంగకూడని చోట వంగింది.

"మీరెందుకొచ్చారు? చెప్పులేవి?"

ఈలోగా మోటారాయన రొప్పుతూ వచ్చాడు. చేతిలో పాత ఎర్రగుడ్డ. సొరుగులో దాచుకున్నాడట, పారెయ్యబుద్ధి కాక. "చేతికి కట్టండి సారూ."

బావ దాన్ని మెడ చుట్టూ తిప్పి కట్టబోయాడు. ముడి పడదు. పడితే ఊడిపోతుంది.

"గట్టిగా కట్టండి మామయ్యా. విరిగిందాన్ని మీరు కొత్తగా ఏం విరగ్గొడతారు."

"నేనే విరగ్గొట్టాను."

"ఏంటి?"

"పేజీలో నీ సంగతి ఉంది. నేనే చెరిపేశాను. చూసుకోలేదు."

అల్లుడు ఆయన వంక చూశాడు. బురదచేత్తో మొహం తుడుచుకుంటే ఇంకా బురదైంది. పక్క ఫిట్టర్ బండిలోంచి తెచ్చిచ్చిన ఫోన్ మోగుతోంది. అల్లుడు దాన్ని చూసి, బావ ముందుకి చాపాడు.

"మీ అమ్మాయే. నేను చెప్పనా, మీరు చెబుతారా?"

బావ ఒక చేత్తో ముడి పట్టుకునే, ఇంకో చేత్తో ఫోన్ అందుకున్నాడు.

"నేనమ్మా, నాన్నని. బతికే ఉన్నాడు. ముందది విను. తర్వాత నన్నేమన్నా అను."