బ్రేకు లివరు అందని చెయ్యి

కాలువలు కట్టేసిన వేసవిలో మా కృష్ణా డెల్టా గట్టు రోడ్లంత మంచి రోడ్లు ఇంకెక్కడా ఉండవని నా అభిప్రాయం. బురద ఉండదు, బస్సులు ఉండవు, ఎదురొచ్చేది మహా అయితే ఒక సైకిలు. అందుకే ఉయ్యూరు దాటగానే తారు రోడ్డు వదిలేసి బండిని గట్టు ఎక్కించడం నాకు అలవాటు. ఆ రోజూ అలాగే ఎక్కించాను. చల్లపల్లి వైపు ఒక హైస్కూల్లో టైప్‌రైటరు మొరాయించిందని కబురు వస్తే బయలుదేరాను.

ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా గేదెల మంద. గేదెలు నాకు కొత్త కాదు. ముందు బ్రేకు అందుకోవడానికి కుడి చేతి వేళ్ళు చాపబోయాను. వేళ్ళు చాచుకోలేదు. హ్యాండిల్‌ని బిగించి పట్టుకునే ఉన్నాయి, కానీ లివరు దాకా లేవమంటే లేవడం లేదు. ఎడమ కాలి బ్రేకు అదిమి, గట్టు వాలు మీద జారుకుంటూ ఎండిన కాలువలోకి దిగి ఆగాను. దెబ్బేమీ తగల్లేదు. గేదెలు కాసేపు నన్ను చూసి వాటి దారిన అవి పోయాయి. నేను మాత్రం మణికట్టు దగ్గర వేలాడుతున్న నా చేతిని చూసుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

నేను విజయవాడలో టైప్‌రైటర్ మెకానిక్‌ని. కచేరీలు, స్కూళ్ళు, టైపు ఇన్‌స్టిట్యూట్లు, ఎక్కడ మీట పడిపోయినా నేనే వెళ్ళాలి. నా అన్నం నా వేళ్ళలో ఉంది. పొగరు అనుకున్నా సరే, గుండుసూది లాంటి స్ప్రింగును కళ్ళు మూసుకుని తగిలించగలిగిన వాణ్ణి. అలాంటి చెయ్యి వేలాడిపోతే మనిషికి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

బండి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాత అందరూ నేరం దాని మీదే మోపారు. అది ఇటలీ బండి. ఐదొందల సీసీ, ఎర్ర ట్యాంకు, గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఒక ఇటలీ ఫాదరు స్వదేశం వెళ్ళిపోతూ నాకు అమ్మారు. అలాంటివి మా జిల్లాలో మూడే ఉండేవి. రెండోది దివి తాలూకాలో ఉండే ఫాదర్ ఎన్రికో గారిది. మూడోది హనుమాన్ జంక్షన్‌లో ఒక లారీ యజమానిది. ఏటా కాలువలు కట్టేశాక మేం ముగ్గురం కలిసి గట్ల మీదుగా హంసలదీవి దాకా వెళ్ళి, సముద్రం చూసి, బండ్లలో ఇరుక్కున్న ఇసుక దులుపుకుని వచ్చేవాళ్ళం.

ఆ ప్రయాణానికి మాకొక నియమం ఉండేది. మూడు బండ్లకూ క్లచ్చు, బ్రేకు, యాక్సిలేటరు కేబుళ్ళన్నీ కొత్తవి వెయ్యాలి. పైగా ప్రతి కేబులు పక్కన ఇంకొకటి తయారుగా కట్టి ఉంచాలి. దారిలో ఒకటి తెగితే రెండోది తగిలించుకుని సాగిపోవడమే. ఇటలీ కేబుళ్ళు ఇక్కడ దొరకవు కాబట్టి వాటిని నేనే చేసేవాణ్ణి. వన్ టౌన్‌లో తీగ కొనేవాణ్ణి. కేబులు కొసన బఠాణీ గింజంత గుండు ఉంటుంది, నిపిల్ అంటారు, లివరులో ఇరుక్కుని కేబులుని పట్టుకునేది అదే. పాత బ్యాటరీల సీసంలో కాస్త తగరం కలిపి గరిటెలో కరిగించి సన్న కడ్డీలుగా పోసుకుని, ఆ కడ్డీని కాలిన ఇనుముతో కరిగించి కొసన గుండు కట్టేవాణ్ణి. గాలికి స్టవ్వు మంట ఆరిపోతుందని గది కిటికీ మూసేసేవాణ్ణి. ఒక చేత్తో తీగ, ఇంకో చేత్తో కాలిన ఇనుము పట్టుకోవాలి కదా, మూడో చెయ్యి ఎక్కణ్ణించి వస్తుంది? అందుకని సీసం కడ్డీని పళ్ళ మధ్య కరిచి పట్టుకుని ముందుకు వంగేవాణ్ణి. ఆ ఒడుపు చూసి ఫాదర్ ఎన్రికో గారు, "దాసు గారూ, మా ఊళ్ళో మెకానిక్కులక్కూడా ఇది రాదండీ," అని మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేవాణ్ణి.

చెయ్యి పడిపోయిన నెలకు కడుపునొప్పి మొదలైంది. మామూలు నొప్పి కాదు, పేగులు మెలిపెట్టి పిండినట్టు వచ్చేది. నాలుగైదు రోజులకు గానీ విరేచనం అయ్యేది కాదు. పొట్ట మీద తలగడ అదిమిపెట్టుకుంటే కాస్త హాయిగా ఉండేది. మా వీధి డాక్టరు గ్యాస్ అన్నారు. నొప్పి తగ్గకపోయేసరికి ఒక నర్సింగ్ హోమ్‌లో చేరాను. అక్కడి సర్జన్ గారు, "అపెండిక్స్ కావచ్చు. రేపు పొద్దున ఓపెన్ చేసి చూద్దాం," అన్నారు. పొద్దున్నకి నొప్పి దానంతటదే సర్దుకుంది. లేకపోతే ఏ పాపమూ ఎరగని నా అపెండిక్స్ ఆ రోజే పోయేది.

వెళ్ళబోతూ చెయ్యి చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "రిస్ట్ డ్రాప్. రేడియల్ నెర్వ్ దెబ్బతింది. మోటార్ సైకిల్ నడుపుతారా? హ్యాండిల్ అదురుడికే అయ్యుంటుంది. బండి మానెయ్యండి," అన్నారు.

ఆ మాట మా ఆవిడ సుశీలకు తేనెలా వినిపించింది. ఎలిమెంటరీ స్కూలు టీచరు కావడం వల్ల ఇంట్లో కూడా ఒకసారి చెప్పిన పాఠం మళ్ళీ చెప్పదు. "విన్నారుగా," అని బండి మీద పాత దుప్పటి కప్పేసింది. ఆ ఏడు హంసలదీవి ప్రయాణానికి మిగతా ఇద్దరే వెళ్ళారు.

ఇక్కడే నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. బండి నడపకూడదన్నారు గానీ బండి పని చెయ్యకూడదని ఎవరూ అనలేదు. ఊరికే కూర్చోవడం నా వంటికి పడదు. టైప్‌రైటర్ల సున్నితమైన పనికి చెయ్యి లొంగడం లేదు. కేబుళ్ళకైతే ఎడమ చేత్తో ఇనుము పట్టుకుని, మిగతాది పళ్ళతో లాక్కొచ్చేవాణ్ణి. వచ్చే ఏటికి కూడా సరిపడా చేసి పడేద్దామని కూర్చున్నాను. సంగతి తెలిసి ఊళ్ళో స్కూటర్ల వాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. కిటికీ మూసుకుని రోజూ అదే పని. వంటి మీద జాగ్రత్త పడుతున్నాననే అనుకున్నాను.

వానలు పడి కాలువలకు నీళ్ళు వదిలేనాటికి ఎడమ చెయ్యి కూడా బరువెక్కింది. ముఖం పాలిపోయింది. ఏం తిన్నా నోట్లో ఇనప రుచి. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఫాదర్ ఎన్రికో గారు మా ఇంటికి వచ్చి నన్ను చూసి కుర్చీలో కూడా కూర్చోలేదు.

"అమ్మా సుశీలమ్మా, దాసు గారికి బట్టలు సర్దండి. పెద్దాసుపత్రిలో నాకు తెలిసిన మంచి ఫిజీషియన్ ఉన్నారండీ. రేపు తీసుకెళ్తాను."

"బస్సులో అయితేనే పంపిస్తానండి, ఫాదర్ గారూ. మీ బండి మీద మాత్రం వద్దు. మీ తోలుడు నేను చూశాను," అంది మా ఆవిడ.

బస్సులోనే వెళ్ళాం.

ఆ డాక్టరు గారు అరవై దాటిన మనిషి. రిపోర్టులన్నీ పక్కన పెట్టి, "ఏం చేస్తుంటారు?" అని అడిగారు.

"టైప్‌రైటర్ మెకానిక్‌నండి."

"ఇంకా?"

"ఇంకేమీ లేదండి."

ఫాదర్ గారు ఊరుకోలేదు. "కేబుళ్ళు కూడా చేస్తారండీ, నా బండికి. చాలా బాగా చేస్తారు."

"ఎలా చేస్తారో చూపించండి," అన్నారు డాక్టరు గారు.

అంత పెద్ద డాక్టరు నా పనితనం చూస్తానంటే హుషారు పుట్టింది. ఎడమ చేత్తో లేని ఇనుము పట్టుకున్నాను. పడిపోయిన కుడి చేతిని తీగ మీద ఆనించాను. నోరు తెరిచి లేని కడ్డీని పళ్ళతో కరిచి ముందుకు వంగాను.

"ఆగండి. ఇప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నారు?"

"సీసం కడ్డీ అండి."

ఆయన టార్చి తీసుకుని నా పెదవి పైకెత్తి చూశారు. చిగుళ్ళ అంచున సన్నటి నీలం గీత ఉందట. అద్దంలో నాకూ చూపించారు. రోజూ పళ్ళు తోముకుంటూ నేను ఎన్నడూ గమనించలేదు. ఆయన పక్కన ఉన్న కుర్ర డాక్టర్లను పిలిచి, "చూడండి, లెడ్ లైన్. కోలిక్, ఎనీమియా, రిస్ట్ డ్రాప్, అన్నీ ఒకే మనిషిలో," అన్నారు. నా కడుపునొప్పి, పాలిపోయిన ముఖం, వాలిన చెయ్యి గురించేనని అర్థమైంది. తర్వాత నా వైపు తిరిగి, "అపెండిక్స్ అయితే పొట్ట నొక్కితే కేక పెట్టేవారు. మీకు నొక్కితే హాయిగా ఉందంటున్నారు. ఇది లెడ్ పాయిజనింగ్ అండీ, సీసం విషం. మీ బండి మీ చేతికి ఏ అపకారమూ చెయ్యలేదు," అన్నారు.

ఒంట్లో విషం ఉందని విన్నవాడు భయపడాలి. నాకు ముందు కలిగింది సంతోషం. బండి తప్పేమీ లేదు. అంతకంటే ముఖ్యం, జబ్బుకి పేరు దొరికింది. పేరున్న జబ్బుకి మందు ఉంటుందని నా నమ్మకం. "చెయ్యి వస్తుందాండి?" అని అడిగాను. "చాలామందికి వస్తుంది. కొంచెమే వచ్చినవాళ్ళూ ఉన్నారు. మాట ఇవ్వను," అన్నారాయన. ఆ మాట ఇవ్వకపోవడం వల్లే ఆయన మీద నాకు గురి కుదిరింది.

బ్లడ్ స్మియర్ తీసి బేసోఫిలిక్ స్టిప్లింగ్ ఉందన్నారు, అంటే ఎర్ర కణాల్లో సీసం వల్ల పడిన చుక్కలట. యూరిన్ పరీక్షకు పంపారు. ఆసుపత్రిలో చేర్చుకుని కాల్షియం ఈడీటీఏ అనే మందు మద్రాసు నుంచి తెప్పించారు. అది రక్తంలోని సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి ఈడ్చుకుపోతుంది. ఐదు రోజులు సెలైన్‌లో ఎక్కించారు. కిడ్నీలు దెబ్బతినకుండా రోజూ యూరిన్ కొలిచేవారు.

ఆ రోజుల్లోనే సుశీల ఇంట్లో గది కడిగించింది. సీసం కరిగించే గరిటెతో ఆసుపత్రికి వచ్చి నా మంచం ముందు నిలబడింది.

"ఇది మా అమ్మ ఇచ్చిన పోపు గరిటె కదండీ? పోయిందని వెతికాను. మధ్యలో ఒకసారి మీ గదిలో కనిపిస్తే తోమి, వారం రోజులు పోపు కూడా వేశాను. మళ్ళీ మీరే తీసుకెళ్ళారా?"

నేనే తీసుకెళ్ళాను. ఆవిడ రక్తం కూడా పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా రెండు రోజులు నాకు అన్నం దిగలేదు. నా చేతి కోసం కూడా అంత భయపడలేదు. ఆవిడకేమీ లేదని తెలిశాక మంచం మీద కూర్చుని ఏడ్చాను. సుశీల పక్కన కూర్చుని, "కొత్త గరిటె కొనిపెడితే చాలు," అంది.

మొదటి కోర్సు అయ్యాక తేలికపడ్డాను. ఇంటికి వెళ్ళిన పది రోజులకు మళ్ళీ కడుపునొప్పి వచ్చింది, ఎడమ చెయ్యి ఇంకాస్త వాలింది. మా వాళ్ళంతా డీలా పడిపోయారు. డాక్టరు గారు మాత్రం తొణకలేదు. "ఎముకల్లో దాక్కున్నది రక్తంలోకి వస్తోంది. రీబౌండ్. ఇంకో కోర్సు ఇద్దాం," అన్నారు. రెండోది ఇచ్చారు, గ్యాప్ ఇచ్చి మూడోది కూడా ఇచ్చారు. మూడోదాని తర్వాత నొప్పి మళ్ళీ మా ఇంటి గడప తొక్కలేదు.

ఎడమ చెయ్యి తేరుకుంది గానీ కుడి చెయ్యి మాత్రం మందుకి లేవలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి మణికట్టుని పైకెత్తి పట్టే కాక్ అప్ స్ప్లింట్ వెయ్యాలంది. అక్కడిచ్చింది బరువుగా ఉందని కొండపల్లిలో బొమ్మలు చేసే ఒకాయనకు నా చెయ్యి కొలత ఇచ్చాను. ఆయన బొమ్మలకు వాడే పొణికి కర్రతో తేలికైన దొప్ప చెక్కి ఇచ్చాడు. దానికి వేలు వేలుకీ సైకిలు ట్యూబు ముక్కలు కట్టి, వేళ్ళను పైకి లాగి పట్టేలా నేనే అమర్చుకున్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి చూసి నవ్వి, బాగానే ఉంది ఉంచుకోండి అంది.

"మీకు నొక్కడం వచ్చండీ. ఎత్తడమే రావాలి," అనేది ఆ అమ్మాయి. అంతకంటే సరైన మాట నాకెవరూ చెప్పలేదు. ఇంట్లో టైప్‌రైటరు ముందు పెట్టుకుని, ఒక మీట నొక్కి వేలు పైకి లేపే ప్రయత్నం చేసేవాణ్ణి. వేలు మీట మీదే పడుకుని ఉండేది. పొద్దున వంద సార్లు, సాయంత్రం వంద సార్లు. నాలుగో నెలలో ఒకనాడు చూపుడు వేలు లేచింది, మీట మీంచి గోరంత ఎత్తు. సుశీలని పిలిచి చూపించేసరికి మళ్ళీ పడుకుంది. అయినా లేచిన సంగతి నాకు తెలుసు.

మరుసటి వేసవి కాలువలు కట్టేశాక బండి మీది దుప్పటి సుశీలే తీసింది. ముగ్గురం గట్టు ఎక్కాం. నేను చివర, నెమ్మదిగా. సైకిలు మీద ఎవరో గడ్డిమోపుతో అడ్డం వస్తే చెయ్యి తనంతట తాను లేచి బ్రేకు అందుకుంది. అందుకున్నాక గానీ నాకు తెలియలేదు.

ఇది జరిగి మూడేళ్ళయింది. ఉంగరం వేలు ఇప్పటికీ కాస్త బద్ధకం చేస్తుంది. పని మాత్రం ఆగలేదు. ఇది కూడా తెలుగు మిషను మీద నేనే కొట్టాను. కేబుళ్ళకు ఇప్పుడు మరలతో బిగించే ఇత్తడి నిపిల్స్ వాడుతున్నాను, సీసం జోలికి పోను. ఫాదర్ గారికి నా పళ్ళ ఒడుపు నేర్పాలన్న కోరిక కూడా మానుకున్నాను.

చదివేవాళ్ళకు ఒక్క మాట. డాక్టరు మీరేం పని చేస్తారని అడిగితే ఉద్యోగం పేరు చెప్పి ఊరుకోకండి. తీరిక వేళల్లో చేసే పని కూడా చెప్పండి. వీలైతే ఆయన ముందు చేసి చూపించండి. టైప్‌రైటర్ మెకానిక్‌నని చెప్పుకుంటూ నేను నాలుగు నెలలు తిరిగాను. ఎవరికీ ఏమీ అంతుపట్టలేదు. లేని కడ్డీని పళ్ళతో కరిచి చూపించాను, అర నిమిషంలో తెలిసిపోయింది.