అరికాలి మచ్చ

మా అమ్మాయి పోయి ఇవాళ్టికి ఇరవై రోజులు. అన్నం కలిపి తెచ్చేలోపే ఊపిరి ఆగిపోయింది. ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

పలాసలో జీడిపిక్కల పనికి ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. నాకు చూపు తగ్గి పప్పు విరిగిపోయేది. విరిగినవన్నీ అమ్మాయి గబుక్కున తన తట్టలో వేసుకునేది. మేస్త్రి తిడితే, "నా సెయ్యే మొరటు బాబూ" అనేది.

పిక్కల నూనె అంటి మా చేతులూ కాళ్ళూ ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. రెండేళ్ళ కిందట అరికాల్లో నల్ల మచ్చ చూపించి, "ఇదేటమ్మా?" అంది. నేను వంగి కూడా చూడలేదు.

"జీడి మరకే. తోలూడితే పోతాది. పని ఎగ్గొట్టడానికి సాకేటి?"

"నీలాగ బద్దకం నాకు నేదు" అని నవ్వి, ఇటుక ముక్కతో రుద్దుకుంది.

తర్వాత గజ్జల్లో బిళ్ళ కట్టింది. ఊరూరా కిడ్నీ జబ్బే కాబట్టి, మా ఉద్దానంలో ఎవరికేమొచ్చినా ముందు కిడ్నీలే చూపిస్తాం. టెక్కలిలో పరీక్ష చేయించాం. కిడ్నీలు బాగున్నాయన్నారు. ఆ సంతోషంలో బస్సు దగ్గర జిలేబీ కొనుక్కుని తిన్నాం.

బిళ్ళ తగ్గలేదు. విశాఖపట్నం తీసుకెళితే, అరికాలి మచ్చే క్యాన్సరని, అది బిళ్ళలోకి పాకిందని చెప్పారు. జీడి నూనె వల్ల వచ్చింది కాదట. మచ్చ చుట్టూ లోతుగా కోసి, తొడ చర్మం తీసి అతికారు. గజ్జల్లో బిళ్ళలన్నీ తీసేశారు.

"మచ్చగా ఉన్నప్పుడే తెత్తే, బాబూ?" అని డాక్టర్ని అడిగాను.

"చిన్న కోతతో పోయుండేదేమోనమ్మా" అన్నాడు. మంచం మీద నుంచి అమ్మాయి వింటూనే ఉంది.

ఆపరేషనయ్యాక కాలు బాగా వాచింది. రోజూ పొద్దున్నే గుడ్డ చుట్టేదాన్ని. ఒకరోజు ఆ కాలు పట్టుకుని ఏడ్చేశాను.

"నేనే సంపుకున్నాను నిన్ను."

"కాలొదులమ్మా, నాకు పాపం. మరకని నేనే అనుకున్నాను. నువ్వేటీ అన్నేదు."

అది నిజం కాదు. తను అడిగింది నన్నే. ఏడాది తిరక్కుండా జబ్బు ఊపిరితిత్తుల్లోకీ వెళ్ళిపోయింది.

నిన్న మళ్ళీ పనిలోకి వెళ్ళాను. టీ వేళ, పక్కన కూర్చున్న మా వీధి కోడల్ని కాలు చాపమన్నాను.

"పెద్దోల్ల మీద కాలెడతామేటత్తా!" అని ముడుచుకుంది.

కాలు లాగి ఒళ్ళో పెట్టుకున్నాను. కొంగు తడిపి తుడిచాను. నలుపు పోలేదు. మళ్ళీ తుడిచాను. మిగతావాళ్ళు టీ గ్లాసులు కింద పెట్టి, ఒక్కొక్కరే నా ముందు కాళ్ళు చాపారు. అన్ని అరికాళ్ళూ నల్లగానే ఉన్నాయి.