అంగుళానికి అర మైలు

నేను కాలేజీ మెట్లు ఎక్కలేదు. మా ఇంట్లో చదువు మా ఆవిడది. ఆమె నర్సు. అమెరికాలో నర్సులు కావాలంటే గుంటూరు నుంచి వచ్చాం. ఆమె ఉద్యోగానికి వచ్చింది, ఆమె వెంట నేను, నా చంకలో మూడేళ్ల మా అమ్మాయి. న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో దగ్గర మందుల గోడౌన్‌లో నాకు పని దొరికింది. ఒక అట్టపెట్టెలో ఎన్ని సీసాలు పడతాయి, ఒక ట్రక్కులో ఎన్ని పెట్టెలు పడతాయి అని చెప్పే పని. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని శాతాలు, సగటులు నా అంతట నేనే నేర్చుకున్నాను.

మా ఆవిడ దగ్గర నేర్చుకున్నది ఒకటుంది. ఆసుపత్రిలో మందు ఇచ్చే ముందు సీసా మీది పేరు రెండుసార్లు చూస్తుంది. “రెండోసారి చూసేది నా కోసం కాదండీ, మంచం మీద ఉన్నవాళ్ల కోసం” అనేది. దాన్ని నేను కూడికలకు పట్టించాను. ఒకసారి పై నుంచి కిందికి, ఒకసారి కింది నుంచి పైకి. రెండూ కలిస్తేనే మొత్తం కింద చిన్న టిక్కు పెడతాను. టిక్కు లేనిది మా ఇంట్లో లెక్క కిందికి రాదు.

ఎనభైల మొదట్లో, మా అమ్మాయికి పదమూడేళ్లప్పుడు, ఇరవై నిమిషాల దూరంలో ఉన్న కౌంటీ పార్కులో ఇనుప స్తంభాలు పాతారు. ఒక్కో స్తంభానికి పైన గొలుసులు వేలాడుతుంటాయి, వాటి కింద బుట్ట. చెట్ల మధ్య నుంచి ప్లాస్టిక్ పళ్లెం విసిరి, అది పడ్డ చోటు నుంచి మళ్లీ విసిరి, ఎన్ని విసుర్లకు బుట్టలో పడిందో లెక్కపెట్టాలి. దీన్ని డిస్క్ గోల్ఫ్ అన్నారు. పద్దెనిమిది బుట్టలు. బుట్టకు మూడు విసుర్లు పద్ధతి కాబట్టి మొత్తం యాభై నాలుగు. ఎంత తక్కువైతే అంత గొప్ప.

మా అమ్మాయి విసిరితే పళ్లెం తిన్నగా వెళ్లేది. నేను విసిరితే పొదల్లోకి పోయేది. రెండో వారానికే నాకు పెన్సిలూ స్కోరు కార్డూ ఇచ్చేసింది. “నువ్వు ప్లే చెయ్యకు నాన్న. నువ్వు కౌంట్ చెయ్.”

ప్రతి శనివారం పొద్దున్నే వెళ్లేవాళ్లం. చివరి బుట్ట దగ్గర బెంచీ మీద కూర్చుని రెండువైపుల నుంచీ కూడి, టిక్కు పెట్టి, కార్డు ఆమె చేతికిచ్చేవాణ్ని. అక్కడికి వచ్చే ఒక ముసలి పోస్ట్‌మ్యాన్ కూడా తన కార్డు నా ముందు పెట్టి, “ప్రొఫెసర్, నా సంగతేమిటో చెప్పండి” అనేవాడు. నన్ను ప్రొఫెసర్ అన్నది ఈ దేశంలో ఆయనొక్కడే.

పదిహేడో ఏట మా అమ్మాయి యాభై ఐదుకు వచ్చింది. ఒక్కటి ఎక్కువ. ఆరోజు కార్లో అంది:

“యాభై నాలుగు కింద వచ్చిన కార్డ్ ఉంటుంది కదా, అది నీదే నాన్న. ప్రామిస్.”

“ఫ్రేమ్ కట్టించుకుంటాను.”

“వద్దు, అంకుల్స్ అందరికీ చూపిస్తావు.”

“చూపించకుండా ఎందుకు కట్టించుకోవడం?”

ఆ ఏడే కాలేజీలకు దరఖాస్తులు. తెలిసిన పిల్లలంతా డాక్టరా ఇంజనీరా అని చూస్తుంటే, మా అమ్మాయి గొలుసులు ఎక్కడున్నాయా అని చూసింది. ఏ గైడులోనూ ఆ వివరం లేదు. అందుకని దరఖాస్తు పెట్టిన ప్రతి ఊరి పార్కుల ఆఫీసుకూ కార్డు రాసింది: మీ ఊళ్లో డిస్క్ గోల్ఫ్ కోర్సు ఉందా, ఎన్ని బుట్టలు, ఏ వీధిలో? జవాబులన్నీ చెప్పుల పెట్టెలో వేసింది. ఇంట్లో నవ్విన వాళ్లెవరూ లేరు. మా ఆవిడ స్టాంపులు తెచ్చింది.

నాలుగు చోట్ల సీటు వచ్చింది. ఎందులో చేరాలో తేల్చడానికి నేను గళ్ల కాగితం మీద పట్టిక గీశాను. ఒక్కో విషయానికి పదికి మార్కులు, ఆ విషయం బరువుతో గుణకారం. చదువు బరువు నలభై, ఖర్చు ఇరవై. భద్రతకు మా ఆవిడ ఇరవై అడిగింది. మిగిలిన ఇరవై మా అమ్మాయి తన గొలుసులకు పెట్టుకుంది. కాలేజీ నుంచి మైలులోపు నడిచి వెళ్లగలిగితే పది మార్కులు, ఐదు మైళ్ల వరకు నాలుగు, ఆపైన ఒకటి.

“నీ కాలమ్ ఏది నాన్న?” అంది.

“నాకెందుకు? చదివేది నువ్వు.”

“దూరం పెట్టుకో. టెన్ పెట్టుకో, ఐ డోంట్ మైండ్.”

“దూరం లెక్కలోకి రాదు” అన్నాను. ఆ మాట అన్నందుకు నాలో నేను చాలా గర్వపడ్డాను.

పోటీ రెండింటి మధ్య మిగిలింది. ఒకటి మా ఇంటికి ముప్పై ఎనిమిది మైళ్లు. మంచి కాలేజీ, కానీ దానికి దగ్గరి బుట్టలంటే మా పార్కులోవే, ఇరవై ఆరు మైళ్లు. గొలుసులకు ఒక మార్కు. మొత్తం ఏడు వందలు. రెండోది అయొవా రాష్ట్రంలో, వెయ్యి మైళ్లు. అక్కడి పార్కుల ఆఫీసు జవాబు రావడం ఆలస్యమైంది. ఆ కార్డు వచ్చిన శనివారం మధ్యాహ్నం అమ్మాయి స్నేహితురాలి ఇంట్లో ఉంది. పద్దెనిమిది బుట్టలు, ఫలానా వీధి అని ఉంది.

దూరాలు కొలవడానికి నాకొక పద్ధతి ఉంది. రోడ్ల అట్లాసు తెరిచి, మా ఆవిడ కుట్టుపెట్టెలోని ఎర్ర దారాన్ని వీధుల వంపుల వెంట పరిచి, ఆ ముక్కను స్కేలు మీద పెడతాను. కాలేజీ నుంచి పార్కుకు దారం అంగుళంపావు వచ్చింది. అంగుళానికి నాలుగు మైళ్లు. ఐదు మైళ్లు. గొలుసులకు నాలుగు మార్కులు.

ఫోన్ మోగింది.

“వచ్చిందా కార్డ్?”

“వచ్చింది. పద్దెనిమిది బుట్టలు.”

“యెస్! ఎంత దూరం?”

“ఐదు మైళ్లు.”

“ఫైవ్? కార్ లేకుండా ఎలా వెళ్తాను నాన్న?” అంది. ఇంటికొచ్చాక పట్టిక చూసింది. అయొవా మొత్తం ఆరు వందల ఎనభై. ఇరవై తక్కువ. “కింది నుంచి చెయ్యలేదు కదా ఇంకా” అంది. టిక్కు లేదని చూసింది. రేపు పొద్దున చేస్తానన్నాను.

ఆదివారం పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని కింది నుంచి మొదలుపెట్టాను. కూడికలు సరిపోయాయి. దూరాలు మళ్లీ కొలిచాను. అట్లాసులో ఆ పేజీ మూల రెండు ఊళ్ల పటాలు పక్కపక్కనే ఉన్నాయి, దేని కొలత దాని కింద చిన్న అక్షరాల్లో. నేను పక్క ఊరి కొలత తీసుకున్నాను. ఈ ఊరిది అంగుళానికి అర మైలు. అంగుళంపావుకు మైలులో ఐదింట మూడు వంతులు దాటి కొంచెం. పన్నెండు, పదమూడు నిమిషాల నడక. పది మార్కులు. అయొవా ఎనిమిది వందలు.

మా ఆవిడ డ్యూటీలో ఉంది. అమ్మాయి స్నానం చేస్తోంది, నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. నిన్న దిగులు పడింది, ఇవాళ సర్దుకుంది, మళ్లీ ఎందుకు కదిలించడం అనుకున్నాను. వెయ్యి మైళ్ల దూరంలో శనివారం ఎవరు లెక్కపెడతారు అనుకున్నాను. ఎవరో పెడతారని కూడా తెలుసు. పెన్సిలు నా చేతిలోనే ఉంది, రబ్బరు దాని వెనకే ఉంది. ఆరు వందల ఎనభైని అలాగే ఉంచాను.

టిక్కు పెట్టాను.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చి భుజం మీద నుంచి చూసింది. “చెక్ చేశావా?” అనైనా అడగలేదు. టిక్కు కనిపించింది. “ఓకే” అంది. సోమవారం దగ్గరి కాలేజీకి వస్తున్నానని ఉత్తరం వేసింది.

ఆగస్టులో హాస్టల్‌లో దించి వచ్చాం. పళ్లాల సంచీ వెంట తీసుకెళ్లింది. శనివారాలు వస్తుందనుకున్నాను. రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మేం పార్కుకు వెళ్లాం, నేను స్కోరు కూడి టిక్కు పెట్టాను. రెండోసారి పోస్ట్‌మ్యాన్, “ప్రొఫెసర్‌గారికి శిష్యురాలు అందేంత దగ్గర్లోనే ఉంది” అంటే నేను నవ్వాను.

థాంక్స్‌గివింగ్ నవంబరు సెలవులకు వచ్చిన రోజు, అన్నం దగ్గర కూర్చోకముందే అట్లాసు అడిగింది. ఇచ్చాను. ఎర్ర దారం ఆ పేజీలోనే ఉంది. గుర్తుకని నేనే ఉంచాను. దాన్ని పరిచింది, స్కేలు మీద పెట్టింది, మూలన ఉన్న చిన్న అక్షరాలు వేలితో చదివింది.

“నా డార్మ్‌లో ఒక అమ్మాయి ఉంది. ఆ ఊరే తనది. క్లాస్ అయిపోగానే నడిచి వెళ్లి ఆడేవాళ్లంట.” తల ఎత్తలేదు. “పక్క మ్యాప్ స్కేల్ తీసుకున్నావు నాన్న.”

“అవునా? చూడనివ్వు.”

“కింది నుంచి చేసినప్పుడు చూడలేదా?”

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

“చూసుకోలేదమ్మా” అన్నాను.

ఆమె నా వైపు చూసింది. నేను కింది నుంచి కొలవకుండా టిక్కు పెట్టే మనిషిని కాదని ఈ లోకంలో అందరికంటే బాగా ఆమెకే తెలుసు. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే చెప్పేసేవాణ్నేమో. దారం చుట్టి, తీసుకెళ్లి, వాళ్లమ్మ కుట్టుపెట్టెలో పెట్టింది. “ఇట్స్ ఓకే నాన్న. మిస్టేక్స్ అవుతాయి” అంది. భోజనాల దగ్గర బాగానే మాట్లాడింది. కూర బాగుందంది.

ఆ తరవాత మా ఆవిడ ఒక్కటే మాట అంది. “అడిగితే ఉండిపోయేదేమో అండీ.”

ఒంటరిగా ఉన్నప్పుడు ఆ పట్టిక మళ్లీ వేశాను. చాలాసార్లు వేశాను. మా అమ్మాయి ఇచ్చిన పదీ తీసుకుని, దూరానికి వరుస గీసి ఉంటే, దగ్గరి కాలేజీకి పదికి పది, అంటే వంద. అయొవాకు సున్నా. ఎనిమిది వందలు, ఎనిమిది వందలు. సరిసమానం. ఇక లెక్కతో పని ఉండేది కాదు. దగ్గరుండమ్మా అని నా నోటితో నేను అడగాల్సి వచ్చేది.

తరవాత స్కోరు కార్డులు నా దగ్గరికి రాలేదు. చేరడం చేరింది కాబట్టి చదువు పూర్తి చేసింది, మంచి మార్కులతోనే. సెలవులకు వచ్చేది, మాట్లాడేది, నవ్వేది. ఆట మానేసిందనుకున్నాను. ఒకసారి అడిగితే, “అప్పుడప్పుడు” అంది. పార్కులో పోస్ట్‌మ్యాన్ కార్డులు మరో రెండేళ్లు కూడి పెట్టాను. ఆయన రావడం మానేశాక నేనూ మానేశాను.

మొన్న వసంతంలో ఆమె రెండు రోజులకని వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం, సొంత కారు. కారుకు ఆయిల్ మార్పిస్తానని నేనే తీసుకెళ్లాను. షాపులో కుర్చీలో కూర్చుంటే, రిజిస్ట్రేషన్ కాగితం కావాలన్నారు. కారు దగ్గరికి వెళ్లి, ముందు సీటు ఎదుట ఉన్న అర తెరిచాను. కాగితాల మధ్య స్కోరు కార్డు ఉంది.

పద్దెనిమిది గళ్లు, పెన్సిలు రాత, ఆమెదే. మూడు, మూడు, రెండు, నాలుగు, మూడు. కింద మొత్తం యాభై మూడు. దాని కింద చిన్న టిక్కు, నేను పెట్టే చోటే, నేను పెట్టినట్టే, తోక కొంచెం పైకి.

పై నుంచి కూడి చూశాను. యాభై మూడు. కింది నుంచి కూడి చూశాను. యాభై మూడే.

కార్డు ఉన్నచోటే పెట్టి, రిజిస్ట్రేషన్ మాత్రం తీసుకుని అర మూశాను. ఇంటికొచ్చి తాళాలు ఆమె చేతికిచ్చాను.

“ఇంకేమైనా ప్రాబ్లమ్ చెప్పారా నాన్న?”

“లేదమ్మా. అన్నీ చూశారు. సరిగ్గానే ఉందన్నారు.”

“థాంక్స్” అని తాళాలు సంచీలో వేసుకుంది. సాయంత్రం దాకా ఉంది. నేను ఆ గదిలోకి రెండుమూడుసార్లు వెళ్లి కూర్చున్నాను. ఆమె కార్డు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.