గోడ అవతలి మగ్గం

పొద్దున చాయ్ గ్లాసు గోడవార పెట్టి, చాయ్ మీద అలలు లేస్తాయేమోనని ఇప్పటికీ చూస్తాను. లేవవు. గోడ అవతల మగ్గం లేదు, నేసే అండాలవ్వ లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో రామన్నపేటకు బదిలీ అయి, ఒంటికాయ శొంటికొమ్ములా ఆమె పక్క గదిలో కిరాయికి దిగాను. కోడికంటే ముందు ఆమె మగ్గం లేచేది. ఆ దెబ్బలకు గోడ సున్నం రాలి నా చాయ్‌లో పడేది. నా ఎముకలు ఇంత గట్టిగా ఉన్నాయంటే ఆ సున్నం చలవే. పిడికిలితో గోడను బాదేవాణ్ణి.

"అవ్వా! జర పండనియ్యవా?"

"నీ గురకకు నా పోగులు తెగుతున్నయ్. ముందు గా గురక ఆపు!"

మా ఇద్దరికీ రోజూ అదే సుప్రభాతం.

ఒక చలికాలం జ్వరంతో నా మెడ దూలంలా బిగుసుకుంది. మెనింజైటిస్ అన్నారు, అంటే మెదడు చుట్టూ ఉండే పొరల వాపు. చీము కారే నా చెవిలోంచే క్రిములు మెట్లెక్కి పైకి పోయాయట. యముడి దున్నపోతు దవాఖాన గేటు దాకా వచ్చి, నిలబడే జాగా దొరక్క వెనక్కి మళ్లింది. నయమైందని నన్ను ఇంటికి పంపారు.

కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవికి అరిస్తేనే వినబడేది. చెవిటివాడంటారని ఎవరికీ చెప్పలేదు. పెదవులు కదిలితే చాలు, నవ్వేవాణ్ణి. ఆఫీసులో ఒకాయన తండ్రి పోయాడని చెప్పినా పళ్లన్నీ చూపించాను. తర్వాత నన్ను పలకరించేవాళ్లే కరువయ్యారు.

నా గుట్టు పట్టుకున్నది అవ్వే. ఒక పొద్దున తలుపు తోసుకొచ్చి కుడిచెవిలో అరిచింది. నవ్వాను. ఎడమచెవిలో అరిచింది.

"నెల సంది మగ్గం కొడుతున్న, గోడ మీద ఒక్క గుద్దు లేదు. తిట్టేటోడు తిట్టకుంటే నాకు తెల్వదా బిడ్డా? చెవులు పోయినయా?"

నవ్వు ఆగిపోయింది. ఏడుపొచ్చింది.

చెయ్యి పట్టి నన్ను మళ్లీ దవాఖానకు లాక్కుపోయింది. డాక్టరమ్మ గొంతు చించుకొని చెప్పింది: "ఈ జబ్బు తెచ్చే క్రిములు శానా రకాలున్నయ్. దేశమంతట గింతే. బతికి ఇంటికి పోయినోళ్లల్ల కొందరికి చెవులు పోతయ్, కొందరికి చూపు, కొందరికి ఫిట్స్ మిగులుతయ్. ఇంటికి పోయినంక ఎట్లున్నవని అడిగేటోళ్లే ఉండరు."

"నేనడిగిన గదా!" అంది అవ్వ. నాకు వినబడలేదేమోనని నా చెవిలో మరోసారి అరిచింది. ఆ కేక నల్లగొండ దాకా పోయుంటుంది.

మర్నాడు నా అరచేతిని మగ్గం చెక్కకు ఆనించింది. దెబ్బ మోచేతి దాకా పాకింది. "ఇగ తిట్టు!" అంది. అప్పట్నుంచి రోజూ గోడకు చెయ్యి ఆనించి, దెబ్బ అందగానే గుద్దేవాణ్ణి.

అవ్వ పోయాక ఎవరో మగ్గం విప్పుకుపోయారు. ఇప్పుడు ఎవరైనా నవ్వకూడని చోట నవ్వితే, దగ్గరికి పోయి "వినబడ్డదా?" అని అడుగుతాను.

ఈ పొద్దున కూడా గోడకు చెయ్యి ఆనించాను. ఏమీ లేదు. అయినా ఒక గుద్దు గుద్దాను. కాస్త సున్నం రాలి చాయ్‌లో పడింది. పారబొయ్యకుండా తాగేశాను.