తెరను గోడవైపు తిప్పుకునే అన్న

తట్టాంచావడి పారిశ్రామికవాడలో నేను పనిచేసిన ప్లాస్టిక్ మూతల కంపెనీకి కంప్యూటర్లు బాగుచేయడానికి ఒక అన్న వచ్చేవాడు. తలచుకుంటే ఇప్పటికీ అసహ్యమే. కూర్చోగానే తెరను మాకు కనబడకుండా గోడవైపు తిప్పుకునేవాడు. "మిషన్ బాగుండాది, మనుషులే సరిలేదు" అనేవాడు.

అతను పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టినప్పటి నుంచి, ఉదయం బిల్లుల ప్రోగ్రాం మొదటిసారి తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది. ఆ తర్వాత పరుగే. బిల్లులు కొట్టే అక్క ఏంబలం నుంచి వచ్చేది. బిల్లులు అందక లారీలు ఆలస్యమవుతున్నాయని, ఇలాగైతే మానిపిస్తానని యజమాని ఆమెను హెచ్చరించాడు.

"ఏందక్కా, నిద్రపోతా మీటలు కొడతావా?" అని నవ్వాడు బాగుచేయడానికి వచ్చిన అన్న.

"లేదన్నా, అదే కదలకుండా నిలబడిపోతాది."

ఆ రోజు గోడ పక్క బీరువాలో ఫైలు వెతుకుతున్న నన్ను అతను గమనించలేదు. తెరమీద ఆమె కంప్యూటర్ వెతకవలసిన సర్వర్ల వరుసలో, తీసేసిన పాతదాని పేరే మొదట ఉంది. రోజూ అది లేనిదాన్ని పిలిచి, జవాబు రాక, అప్పుడు కొత్తదాని దగ్గరికి వెళ్తోంది. ఆ పేరు తీసేయడం మరిచింది అతనే. ఇప్పుడు చప్పుడు చేయకుండా చెరిపేశాడు.

"ఏంది సంగతి?" అన్నాడు యజమాని.

"ఈయమ్మ ఏందేందో నొక్కేసుండాది సార్. సరిచేసినా."

అక్క నావైపు చూసింది. నేను ఫైలు వైపు చూశాను.

మరునాడు ప్రోగ్రాం క్షణంలో తెరుచుకుంది. అక్కను మానిపించి, యజమాని ఆ కుర్చీ నాకిచ్చాడు. కూర్చున్నాను.